రెండేళ్లు పపువా న్యూ గినియాకు వెళ్లమంటారా?

కోస్తా జిల్లాల నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవసరమైనంత మేరకే దాన్ని ఇక్కడ ఇస్తున్నాను. ఆమె వయసు 37. జి.ఎన్.ఎమ్. నర్సింగ్ డిప్లొమా చదివి, తర్వాత పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి, పదకొండేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. అందులో ఎక్కువ కాలం లేబర్ రూములో, పసిపిల్లల వార్డులో గడిచింది. పెళ్లి కాలేదు. తండ్రి పోయాక 68 ఏళ్ల తల్లి ఆమె దగ్గరే ఉంటున్నారు. తల్లికి షుగరు, బీపీ ఉన్నాయి. తమ్ముడు భార్యాపిల్లలతో హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. ఇంటి మీద తీసుకున్న అప్పు ఇంకా నాలుగేళ్లు కట్టాలి.

ఆమె లూథరన్ సంఘ సభ్యురాలు. ఆ సంఘానికి పరిచయమున్న ఒక మిషన్, ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పపువా న్యూ గినియా దేశపు పర్వత ప్రాంతంలో కమ్యూనిటీ హెల్త్ వర్కర్లకు శిక్షణ ఇచ్చే పాఠశాలను నడుపుతోంది. అక్కడ రెండేళ్లు బోధించడానికి వాలంటీరుగా రమ్మని పిలుపు వచ్చింది. ఉండటానికి ఇల్లు, నెలకు కొద్దిపాటి భత్యం ఇస్తారు, జీతం ఉండదు. విమాన ఖర్చులు, బీమా సొమ్ము తన సంఘం నుంచే సమకూర్చుకోవాలి. ‘అవసరాన్ని బట్టి వార్డులో కూడా సాయపడాలి’ అని మిషన్ రాసిన లేఖలో ఒక వాక్యం ఉంది. పాస్టరుగారు ఇది ప్రభువు పిలుపేనని చెప్పి, ఆమె ఇంకా సరే అనకముందే ఆదివారం ఆరాధనలో ప్రకటించి ప్రార్థన చేయించారు. కొందరు కానుకలు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. తమ్ముడు మాత్రం, ‘జీతం లేకుండా చాకిరీ చేయించుకోవడానికి పిలుస్తున్నారు, సేవ చేయాలంటే మన మన్యంలో రోగులు లేరా’ అని కోప్పడుతున్నాడు. ‘అమ్మ ఏమీ అనడం లేదు’ అని ఆమె ఒక్క ముక్కలో రాశారు. చివరి పేజీలో అంచున, ‘ఇక్కడ నైట్ డ్యూటీలు చేసి చేసి విసిగిపోయాను, వెళ్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చేమో అనిపిస్తోంది. ఇలా అనుకోవడం పాపమా?’ అని చేర్చారు.

సమాధానం

అమ్మా, మీరు చివర్లో అడిగిన దానికే ముందుగా జవాబు చెబుతాను. విసిగిపోవడం పాపం కాదు. పదకొండేళ్లు ప్రసవాల వార్డులో నిలబడిన మనిషి అలసిపోకపోతేనే ఆశ్చర్యం. అయితే ఆ అలసటను వెంటబెట్టుకుని వెళితే పర్వత ప్రాంతంలో అది తగ్గదు. అక్కడ కూడా రాత్రులుంటాయి, కరెంటు పోయే రాత్రులుంటాయి, సాయానికి మరో నర్సు లేని రాత్రులూ ఉంటాయి. కనుక నిర్ణయం ఏదైనా సరే, దానికి ముందు కనీసం ఒక నెల సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోండి. సెలవు పూర్తయ్యాక కూడా ఆ పాఠశాలకు వెళ్లాలన్న కోరిక ఇంతే బలంగా ఉంటే, అది ఆసుపత్రి నుంచి పారిపోవాలన్న కోరిక కాదని మీకే తెలుస్తుంది. కోరిక సన్నగిల్లిపోతే దానికి సిగ్గుపడాల్సింది కూడా ఏమీ లేదు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా కలిసిపోయాయి. ఆ పని నిజంగా మీ పనేనా అన్నది ఒకటి, ఆ మిషన్ మిమ్మల్ని నిజంగా బోధించడానికే పిలుస్తోందా అన్నది రెండోది, అమ్మ బాధ్యత ఎవరిది అన్నది మూడోది. పాస్టరుగారు మొదటిదానికి మాత్రమే జవాబిచ్చి మూడూ తేలిపోయాయన్నట్టు మాట్లాడుతున్నారు. మీ తమ్ముడు మూడోదాన్ని మనసులో పెట్టుకుని రెండోదాని గురించి వాదిస్తున్నాడు. మీరు ఇద్దరి మాటల మధ్యా నలిగిపోతున్నారు.

మొదట పని సంగతి చూద్దాం. పపువా న్యూ గినియా 1975లో స్వతంత్రమైన దేశం. 800కు పైగా భాషలున్నాయి. జనంలో అత్యధికులు పల్లెల్లోనే ఉంటారు. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి పర్వత ప్రాంతాలకు నేటికీ రోడ్డు మార్గం లేదు, విమానంలోనే వెళ్లాలి. ఇలాంటి చోట డాక్టరు అందుబాటులో ఉండటం అరుదు కాబట్టి, పల్లె వైద్యం భారమంతా ఎయిడ్ పోస్ట్ అనే చిన్న ఆరోగ్య కేంద్రంలో కూర్చునే కమ్యూనిటీ హెల్త్ వర్కర్ మీదే పడుతుంది. ఈ పేరు వినగానే మన ఆశా కార్యకర్తలను ఊహించుకోకండి. ఇది రెండేళ్ల కోర్సు చదివి, రిజిస్ట్రేషన్ పొంది, జీతం తీసుకునే ఉద్యోగం. మలేరియాకు పరీక్ష చేసి మందు ఇచ్చేది, టీకాలు వేసేది, పురుడు పోసేది, క్షయ రోగి మందులు మానకుండా చూసేది వీరే. ఆ దేశపు పల్లె వైద్యంలో దాదాపు సగం చర్చిల చేతుల మీదుగా నడుస్తోంది, ఈ శిక్షణ పాఠశాలల్లో ఎక్కువ భాగం కూడా చర్చిలవే. కాబట్టి మీకు వచ్చిన పిలుపు ఏదో పక్కదారి పనికి కాదు, ఆ దేశపు ఆరోగ్య వ్యవస్థ నడిబొడ్డున ఉన్న పనికే వచ్చింది.

ఆ పనికి మీరు సరిపోతారా అంటే, మీరు చేసిన వార్డులే జవాబు చెబుతున్నాయి. ఒక్క ఉదాహరణ తీసుకుందాం. దగ్గుతో వచ్చిన పసిబిడ్డకు న్యుమోనియా ఉందో లేదో ఎక్స్‌రే లేనిచోట తేల్చేది ఊపిరి లెక్క. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డకు 40, లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మందు మొదలుపెట్టాలి. ఈ అంకెలు ఒక పూటలో బట్టీ పట్టవచ్చు. కానీ బిడ్డ ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకూడదని, తల్లి ఒడిలో నెమ్మదించేదాకా ఆగాలని, చొక్కా పైకెత్తి పొట్ట కదలికను చూడాలని, అర నిమిషం చూసి రెట్టింపు చేయకుండా నిమిషమంతా చూడాలని, బయట ముప్పైమంది వేచి ఉన్నా ఆ నిమిషాన్ని కుదించకూడదని నేర్పాలంటే, ఆ పని వేలసార్లు చేసినవారు విద్యార్థి భుజం పక్కన నిలబడాలి. పుస్తకం ఆ పని చేయలేదు. మీరు చేయగలరు.

ఇక్కడే రెండో ప్రశ్న వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది దీని గురించేనని నా అభిప్రాయం. ‘అవసరాన్ని బట్టి వార్డులో కూడా సాయపడాలి’ అన్న వాక్యాన్ని మళ్లీ చదవండి. నర్సులు చాలని ప్రతి మిషన్ ఆసుపత్రిలోనూ అవసరం ప్రతిరోజూ ఉంటుంది. అనుభవమున్న లేబర్ రూము నర్సు వచ్చిందని తెలిస్తే, దురుద్దేశం లేకుండానే, తరగతి మానేసి వార్డుకు రమ్మంటారు. నెలలు గడిచేసరికి మీరు జీతం లేని వార్డు నర్సుగా మిగులుతారు. రోగులకు మేలు జరుగుతుంది, కాదనను. కానీ మీరు తిరిగి వచ్చిన రోజున ఆ ఖాళీ అలాగే ఉంటుంది. బోధిస్తే పరిస్థితి వేరు. మీ దగ్గర నేర్చుకున్న అమ్మాయి తన లోయలో, తన భాషలో, ఉద్యోగం చేసినంత కాలం ఊపిరి సరిగ్గా లెక్కపెడుతుంది. మీరు రెండేళ్ల జీతం వదులుకుంటున్నది ఇందుకోసమైతేనే ఆ త్యాగానికి అర్థముంటుంది.

ఈ విషయంలో మన దేశంలోనే మంచి పాఠం ఉంది. రజనీకాంత్ అరోలే, మాబెల్ అరోలే అనే క్రైస్తవ డాక్టర్ దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. చదువు రాని పల్లె స్త్రీలను, అందులో ఎందరో దళిత స్త్రీలను, గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. ఆ పనిని ప్రపంచమంతా వచ్చి చూసింది. 1979లో వారికి మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడ శిక్షణ ఒక సర్టిఫికెట్‌తో ముగిసిపోలేదు. ఆ స్త్రీలు మళ్లీ మళ్లీ జామ్‌ఖేడ్‌కు వచ్చి తమ ఊళ్లో చూసిన కేసులు చెప్పుకుని, తప్పులు దిద్దుకుని, కొత్తవి నేర్చుకుని వెళ్లేవారు. కాబట్టి మిమ్మల్ని పిలుస్తున్న పాఠశాల తన పాత విద్యార్థులను ఎయిడ్ పోస్టులకు వెళ్లి చూసి వస్తుందా, ఎంత కాలానికోసారి వెళుతుంది, ఆ ప్రయాణాల్లో మీకు చోటుంటుందా అని అడగండి. ఆ జవాబును బట్టే పాఠశాల ఎలాంటిదో చాలావరకు తెలిసిపోతుంది.

మిషన్‌కు ఒక లేఖ రాయండి. మీరు చెప్పబోయే పాఠాలు ఇంతకుముందు ఎవరు చెప్పారు, వారు ఎందుకు వెళ్లిపోయారు అని అడగండి. మీతో కలిసి బోధించడానికి ఆ దేశపు నర్సు ఎవరినైనా నియమించారా, మీ తర్వాత ఆ తరగతి ఆమె చేతికి వెళుతుందా అని అడగండి. అలాంటి మనిషి లేకపోతే మీ రెండేళ్ల పని మీతోపాటే విమానమెక్కుతుంది. వారానికి ఎన్ని గంటలు తరగతి, ఎన్ని గంటలు వార్డు అన్నది అంకెల్లో రాయించుకోండి. వీసా ఏ కోవకు చెందింది, ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఎవరు తెప్పిస్తారు అన్నది కూడా తెలియాలి, ఎందుకంటే ఆ అనుమతి లేకుండా పురుడు పోస్తే, ఏదైనా జరిగిన రోజున మీకు దన్నుగా నిలబడేవారు ఉండరు. మీకు జబ్బు చేస్తే విమానంలో తరలించే బీమా ఉందా, అమ్మకు సీరియస్ అయితే మధ్యలో వచ్చి వెళ్లడానికి టికెట్టు ఎవరిస్తారు, పై అధికారితోనే ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పుకోవాలి, రాత్రి వేళ క్వార్టర్స్ నుంచి వార్డుకు ఎవరి తోడుతో వెళ్లాలి అన్నవి అడగడానికి మొహమాటపడకండి. ఆ దేశంలో కొన్ని ప్రాంతాల్లో తెగల మధ్య కొట్లాటలు జరుగుతుంటాయి, స్త్రీల మీద దాడులు కూడా తక్కువేమీ కాదు. మంచి మిషన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు. నొచ్చుకుందంటే అదే మీకు జవాబు.

బోధనలో మీకు ఎదురయ్యే ఒక సంగతిని ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ చాలా చోట్ల మరణాన్ని మంత్రప్రయోగంగా భావించి, ఎవరో ఒక స్త్రీని మంత్రగత్తె అని నిందించి హింసించడం, చంపడం నేటికీ జరుగుతోంది. అలాంటి హత్యలకు ఊతమిస్తోందన్న విమర్శతో పాత మంత్రవిద్య చట్టాన్ని 2013లో రద్దు చేశారు, అయినా ఆ హింస ఆగలేదు. మనకు ఇది కొత్తేమీ కాదు. మెదక్ వైపు బాణామతి పేరుతో, మన్యంలో చేతబడి పేరుతో ప్రాణాలు తీసిన సంఘటనలు మనకూ తెలుసు. ఎయిడ్ పోస్టులో ఒక మనిషి చనిపోయినప్పుడు ఆ హెల్త్ వర్కర్ బంధువులకు కారణం ఎలా చెప్పింది, ఎంత స్పష్టంగా చెప్పింది అన్నదాని మీద ఇంకొక స్త్రీ ప్రాణం ఆధారపడవచ్చు. విదేశీ డాక్టరు వాళ్ల నమ్మకాన్ని చిన్నచూపు చూడవచ్చు. ఇలాంటి పల్లెల నుంచి వచ్చే రోగులను, వారి బంధువులను చూసిన మీరు అలా చూడరు, చూడకూడదు.

మీ విశ్వాసం గురించి కూడా ఒక మాట. ఆ దేశంలో దాదాపు అందరూ క్రైస్తవులే, అదీ తరతరాలుగా. సువార్త తెలియని వారి దగ్గరకు వెళుతున్నానన్న భావం మీ సంఘంలో ఎవరికైనా ఉంటే, దాన్ని మీరే సున్నితంగా సరిదిద్దాలి. అక్కడి సంఘానికి మీరు కొత్త సభ్యురాలు మాత్రమే, బోధకురాలు తరగతి గదిలోనే. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను తలచుకోండి. ఆమె డాక్టరే అయినా మిషన్ మొదట వైద్యం కోసం పంపలేదు, స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపింది. జబ్బుపడ్డ స్త్రీలు గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె వైద్యం మొదలుపెట్టారు. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది, 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. మిషన్ కాగితం మీద రాసిన పని, అక్కడి జనానికి కావలసిన పని వేరువేరుగా ఉండవచ్చు. ఆ తేడాను తేల్చుకోవడానికి ఆమె చేతిలో దాదాపు యాభై ఏళ్లున్నాయి, మీ చేతిలో ఉన్నవి రెండే. అందుకే ఆ తేడా ఏమిటో బయలుదేరకముందే అడిగి తెలుసుకోమంటున్నాను.

పాస్టరుగారి ప్రకటన సంగతికి వస్తే, ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ మీ నోటి నుంచి మాట రాకముందే చెప్పడం తొందరపాటు. వెళ్లి నెమ్మదిగా చెప్పండి: ‘అయ్యగారూ, నేనింకా నిర్ణయించుకోలేదు, సంఘానికి ఆ మాట మీరే చెబితే బాగుంటుంది, అందాకా కానుకలు తీసుకోవద్దు.’ ఇచ్చిన వాటిని పేర్లతో పుస్తకంలో రాయించి, వెళ్లకపోతే తిరిగి ఇస్తామని చెప్పించండి. కూలి డబ్బుల్లోంచి వంద రూపాయలు తీసి ఇచ్చినవారు మీ సంఘంలో తప్పకుండా ఉంటారు. ఆ వంద మీ మెడకు గుదిబండ కాకూడదు, వారికీ నష్టం కాకూడదు. ప్రార్థన చేశారు కాబట్టి వెనక్కి తగ్గడం అవిశ్వాసమేమోనని భయపడకండి. ఆ ప్రార్థన మీకు దారి చూపమని చేసింది, మీ కాళ్లు కట్టేయడానికి కాదు.

తమ్ముడి వాదనలో నిజం ఉంది. పాడేరులో, రంపచోడవరంలో అవసరం తక్కువేమీ కాదు. ఈ ప్రశ్నను అతన్ని గెలవడానికి కాకుండా మీకోసం వేసుకోండి: ఇదే పని, ఇదే భత్యంతో అరకులో ఇస్తే వెళతారా? వెళతాను అని మనసు వెంటనే చెబితే, ముందు ఇక్కడ వెతకడమే తెలివైన పని, అమ్మ కూడా ఒక పూట ప్రయాణం దూరంలోనే ఉంటారు. మనసు వెనకాడితే ఎందుకో చూడండి. దేశం దాటాలన్న ఆశ తప్పు కాదు, కానీ దాన్ని ఆశగానే గుర్తించాలి. అయితే అతను మిమ్మల్ని అరకు వెళ్లమనడం లేదని, కదలవద్దంటున్నాడని నాకనిపిస్తోంది. పెళ్లికాని అక్క ఉంది కాబట్టి అమ్మ సంగతి తేలిపోయిందన్న ధీమా ఇంట్లో ఎవరూ పైకి అనకుండానే స్థిరపడిపోయింది. మీ ప్రయాణం ఆ ఏర్పాటును కదిలిస్తోంది, అతని కోపంలో సగం అందుకే కావచ్చు. ‘నువ్వు తప్పుపడుతున్నావు’ అని కాకుండా, ‘రెండేళ్లు అమ్మను ఎవరు చూస్తారు, మందులు, పరీక్షలు, ఆసుపత్రి ఖర్చు ఎవరు ఎంత భరిస్తారు, అప్పు వాయిదా ఎలా’ అని కాగితం ముందు పెట్టుకుని, మరదలిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి, ఎందుకంటే అమ్మ హైదరాబాద్ వెళితే రోజువారీ పని పడేది ఆమె మీదే.

ఆ కాగితంలో మరచిపోకూడనిది ఒకటుంది. మీ ఆసుపత్రి ఇచ్చే ఆరోగ్య బీమాలో అమ్మ పేరు ఉంటే, మీరు రాజీనామా చేసిన రోజుతో అది పోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు గురించి ఉద్యోగంలో ఉండగానే అడగండి. కొత్తగా తీసుకుంటే షుగరు, బీపీల వంటి పాత జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండే షరతు పెడతారు, అంటే మీరు లేని కాలమంతా ఆ జబ్బులకు అది అక్కరకు రాకపోవచ్చు. 70 ఏళ్లు నిండాక ఆయుష్మాన్ భారత్ కింద వృద్ధులకు ఇచ్చే కార్డు ఉంది, కానీ ఆమెకు ఇంకా రెండేళ్లు ఆగాలి. పదకొండేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ వస్తుంది. దాన్ని టికెట్టుకు వాడేయకుండా అప్పు వాయిదాల కోసం పక్కన పెట్టండి.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన మాట, ‘అమ్మ ఏమీ అనడం లేదు’ అన్నది. ఇంతమంది ఆమె గురించి మాట్లాడుతున్నారు, ఆమెతో ఎవరైనా మాట్లాడారా? ఆమె మౌనం అంగీకారమా, భయమా, మీకు అడ్డం కాకూడదన్న పట్టుదలా అన్నది ఊహించకండి. తమ్ముడు లేని రోజున, తొందర లేని పూట చూసుకుని అడగండి. ‘వెళ్లమంటావా’ అని కాదు, దానికి ఏ తల్లైనా వెళ్లమనే అంటుంది. ‘నేను లేకపోతే నీకు కష్టమయ్యేది ఏది’ అని అడగండి. ఇన్సులిన్ వేయించుకోవడమో, చర్చికి తోడు వెళ్లేవారు లేకపోవడమో, కొడుకింట్లో ఉండలేకపోవడమో, ఏదో ఒకటి బయటికి వస్తుంది. కొన్నిటికి దారి దొరుకుతుంది, కొన్నిటికి దొరకదు.

ఇక మీ ముందున్న దారులు. మిషన్ జవాబు తృప్తిగా ఉండి, ఇంట్లో ఏర్పాటు కుదిరితే, రెండేళ్లకు వెళ్లవచ్చు. మొదటి కొన్ని నెలలు అక్కడి జనం ఉమ్మడిగా వాడే టోక్ పిసిన్ భాష నేర్చుకోవడానికే పోతాయి, తరగతి ఇంగ్లీషులో నడిచినా రోగితో మాట్లాడాలంటే అది రావాలి. తిరిగి వచ్చాక పాత జీతంతో ఉద్యోగం దొరకకపోవచ్చు, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ రెన్యువల్ గడువు దాటనివ్వకండి. అక్కడ రెండు రకాల మలేరియా ప్రధానంగా ఉంది, వాటిలో వైవాక్స్ అనే రకం తిరగబెడుతుంది. దానికి ప్రైమాక్విన్ అనే మందు వాడవలసి రావచ్చు కాబట్టి, ఆ మందు మీ రక్తానికి పడుతుందో లేదో చెప్పే జి6పీడీ పరీక్ష ఇక్కడే చేయించుకోండి.

ఏడాది వాయిదా వేయడం రెండో దారి. అప్పు తగ్గుతుంది, అమ్మ ఏర్పాటును మీరు ఇక్కడ ఉండగానే కొన్నాళ్లు నడిపి చూడవచ్చు, ఏదైనా నర్సింగ్ స్కూల్లో బోధన అనుభవం కూడా సంపాదించవచ్చు. వార్డులో నేర్పడం, తరగతిలో పాఠం నడపడం ఒకటి కావు. ఆ పోస్టు మీకోసం ఆగకపోవచ్చు, అది దీని వెల. నన్నడిగితే మీ పరిస్థితిలో ఇదే ఎక్కువ నిలకడైన దారిగా కనిపిస్తోంది.

కొద్ది నెలలకు వెళ్లి రావడం అందరూ చెప్పే సలహానే, కానీ దాన్ని నేను జాగ్రత్తగానే చెబుతాను. కొద్దిరోజుల అతిథులను దింపుకోవడం, తిప్పి చూపడం ఆ పాఠశాలకే భారం. వారే ఫలానా పాఠానికి, ఉదాహరణకు పుట్టిన బిడ్డ సంరక్షణకు, ఫలానా వారాల్లో రమ్మని అడిగితేనే వెళ్లండి.

వెళ్లకపోవడం కూడా గౌరవమైన దారే. మీ టికెట్లకు, బీమాకు సంఘం సమకూర్చగలిగిన సొమ్ము ఉంటే, ఆ పాఠశాలలోనే పనిచేస్తున్న స్థానిక నర్సు ఒకరు టీచరుగా చదువుకోవడానికి ఇవ్వగలరేమో మిషన్‌ను అడగవచ్చు. ఆమె ఎటూ వెళ్లిపోదు. మీ బోధనాభిలాష ఇక్కడ జూనియర్ నర్సులకో, ఆశా కార్యకర్తలకో ఉపయోగపడుతుంది.

ఇప్పటికి మీరు చేయవలసింది మిషన్‌కు ఆ లేఖ పంపడం, పాస్టరుగారిని కలవడం, అమ్మతో మాట్లాడటం. లిఖితపూర్వకంగా జవాబు చేతికి వచ్చేదాకా ఆసుపత్రిలో రాజీనామా మాట ఎత్తకండి. జవాబు వచ్చాక, అందులో వార్డు గంటల గురించి ఏం రాశారో నాకు తెలియజేస్తే, మిగిలింది మళ్లీ కలిసి ఆలోచిద్దాం.